కరెంటు పోయి వచ్చాక మానిటర్ వెలగడం లేదా? ఈ వరసలో చూడండి

కరెంటు పోయింది, వచ్చింది. ఫ్యాన్లు తిరుగుతున్నాయి, లైట్లు వెలుగుతున్నాయి, మానిటర్ మాత్రం నల్లగా ఉంది. కాలిపోయిందా? ఈదురుగాలుల కాలం వచ్చిందంటే అందరూ అడిగే ప్రశ్న ఇదే. చాలాసార్లు కాలిపోదు. ప్లగ్గు దగ్గరో, ఇన్వర్టర్ దగ్గరో, కేబుల్లోనో, సీపీయూలోనో తేడా ఉంటుంది. నిందమాత్రం కళ్లకు కనిపించే మానిటర్ మీద పడుతుంది.

కాబట్టి ముందు తేల్చుకోవాల్సింది ఒకటే: గోడలోంచి వచ్చే కరెంటా, మానిటరా, సీపీయూనా? ఈ మూడింటినీ విడదీసి చూడకుండా కేబుళ్లన్నీ పీకి మళ్లీ పెడితే ఒక్కోసారి పని చేస్తుంది, కానీ ఎందుకు చేసిందో తెలియదు. వచ్చే వారం మళ్లీ అదే గొడవ.

ఇంకో మాట. మానిటర్ రాలేదని పవర్ బటన్‌ను పదేపదే నొక్కకండి, ప్లగ్గు స్విచ్‌ను టకటకా వేసి తీయకండి. లోపల నిజంగా ఏదైనా దెబ్బతిని ఉంటే, వేసిన ప్రతిసారీ ఇంకొంచెం చెడుతుంది.

కావలసినవి

- ఇంకో పవర్ కార్డు. సీపీయూ వెనక ఉన్నదే సరిపోతుంది. అడాప్టర్ లేని మానిటర్లకు చాలావరకు అదే రకం.
- పని చేస్తుందని తెలిసిన ఇంకో హెచ్‌డీఎంఐ కేబుల్. టీవీకి ఉన్నది తెచ్చుకోండి.
- సెట్‌టాప్ బాక్సు లేదా ల్యాప్‌టాప్. మానిటర్‌ను విడిగా పరీక్షించడానికి.
- హెచ్‌డీఎంఐ ఉన్న టీవీ. సీపీయూను విడిగా పరీక్షించడానికి.
- టార్చి, లేదా ఫోన్ లైటు.
- డిజిటల్ మల్టీమీటర్, ఉంటేనే. లేకపోయినా సగానికి పైగా పరీక్షలు చేయవచ్చు.
- ర్యామ్ తుడవడానికి మెత్తటి తెల్ల ఎరేజర్.

1. అన్నీ పీకేసి, ముందు ఇంట్లో వోల్టేజీ చూడండి

మానిటర్, సీపీయూ, మోడెమ్, ప్రింటర్ అన్నింటి ప్లగ్గులూ సాకెట్లోంచి బయటికి తీయండి. స్విచ్ ఆపితే చాలదు. కొన్ని ఇళ్లలో స్విచ్‌ను ఫేజ్‌కి (కరెంటు తెచ్చే వైరు) బదులు న్యూట్రల్ (తిరిగి వెళ్లే వైరు) మీద వేసి ఉంటారు, అలాంటప్పుడు స్విచ్ ఆపినా వస్తువుకు ఫేజ్ అందుతూనే ఉంటుంది.

ఇప్పుడు ఇల్లంతా ఒకసారి గమనించండి. లైట్లు మామూలు కన్నా ఎక్కువ కాంతితో వెలుగుతున్నాయా? ఫ్యాను గాలి మామూలు కన్నా జోరుగా ఉందా? ఒక గదిలో లైటు డిమ్ముగా, ఇంకో గదిలో మరీ తెల్లగా ఉందా? వీటిలో ఏ ఒక్కటి కనిపించినా మెయిన్ ఆపేసి కరెంటు ఫిర్యాదుల నంబరు 1912కి ఫోన్ చేయండి. ఎక్కడో న్యూట్రల్ తెగి ఉండవచ్చు, లేదా లూజై ఉండవచ్చు. న్యూట్రల్ పోతే రెండు ఫేజుల మధ్య ఉండే 400 వోల్టులను ఆ లైను మీది ఇళ్లు పంచుకుంటాయి. ఒక ఇంటికి 120, పక్కింటికి 280 కూడా రావచ్చు. మానిటర్లు ఎక్కువగా నిజంగా కాలిపోయేది ఇక్కడే.

టెస్టర్‌ను నమ్ముకోకండి. అది 160 వోల్టులకూ వెలుగుతుంది, 300కీ వెలుగుతుంది. అయితే దానితో ఒక ఉపయోగం ఉంది. ఇంట్లో ఒక లైటో ఫ్యానో వేసి ఉండగా సాకెట్లోని రెండు చిన్న రంధ్రాల్లోనూ టెస్టర్ వెలిగితే, న్యూట్రల్ తెగినట్టే.

మల్టీమీటర్ ఉంటే అసలు సంగతి తెలుస్తుంది. డయల్ ఏసీ 600 లేదా 750 వోల్టుల దగ్గర పెట్టండి. ఎర్ర వైరు మీటర్‌లో వోల్టుల రంధ్రంలోనే ఉందో లేదో ఒకటికి రెండుసార్లు చూసుకోండి. పది ఆంపియర్ల రంధ్రంలో పెట్టి సాకెట్లో దించితే నేరుగా షార్టు, చేతిలోనే పేలుతుంది. మీటర్ వైర్లు పగిలి రాగి కనిపిస్తుంటే ఈ పని చేయనే వద్దు. సాకెట్ రంధ్రాలకు లోపల మూతలుంటే ప్రోబు (మీటర్ వైరు కొసనున్న సూది) దిగదు, పుల్లలతో తెరిచే ప్రయత్నం చేయకుండా ఎలక్ట్రీషియన్‌కి వదిలేయండి.

పెద్ద రంధ్రం పైకి ఉంటే అది ఎర్తు, కుడివైపుది ఫేజ్, ఎడమవైపుది న్యూట్రల్. మూడు రీడింగులు తీయండి:

- ఫేజ్ నుంచి న్యూట్రల్‌కి: 207 నుంచి 253 లోపు ఉంటే పర్వాలేదు.
- ఫేజ్ నుంచి ఎర్తుకి: మొదటి రీడింగుకు దగ్గరగా ఉండాలి. వందో, యాభయ్యో, సున్నానో చూపిస్తే మీ ఇంట్లో ఎర్తింగ్ లేనట్టే.
- న్యూట్రల్ నుంచి ఎర్తుకి: ఐదు వోల్టుల లోపు. ఇరవై, ముప్పై చూపిస్తే ఎలక్ట్రీషియన్ వచ్చేదాకా మానిటర్ పెట్టకండి.

రీడింగు 160, 170 ఉందనుకోండి. మానిటర్ వెనక స్టిక్కరు మీద సాధారణంగా 100-240 వోల్టులు అని రాసి ఉంటుంది, కాబట్టి లో వోల్టేజీకి మానిటర్ కాలిపోదు. ప్రాణం తీసేది హై వోల్టేజీయే.

2. సాకెట్, ఎక్స్‌టెన్షన్ బోర్డు, ఇన్వర్టర్

మానిటర్ పెట్టిన సాకెట్లోనే ఫోన్ ఛార్జరో టేబుల్ ల్యాంపో పెట్టి చూడండి. అది వెలగకపోతే కథ అక్కడే తేలిపోయింది.

స్పైక్ బస్టర్ వాడుతుంటే దాని మీద చిన్న రీసెట్ బటన్ పైకి లేచి ఉందేమో చూడండి. కరెంటు వచ్చినప్పటి ఊపుకి అది ట్రిప్ అయి ఉండవచ్చు. ఒకసారి నొక్కండి. మళ్లీ లేస్తే దానికి తగిలించినవాటిలో ఏదో షార్టు ఉంది, అదిమి పట్టుకుని నడిపించకండి. అది ఏదో తేలాలంటే అన్నీ తీసేసి ఒక్కొక్కటే పెట్టండి.

తర్వాత స్పైక్ బస్టర్‌ను పూర్తిగా పక్కన పెట్టి మానిటర్‌ను నేరుగా గోడ సాకెట్లో పెట్టండి. ఇన్వర్టర్ లైను మీద ఉంటే ఇన్వర్టర్ లేని సాకెట్‌కి మార్చండి. పాత స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ల (గోడ కరెంటులా నునుపుగా కాక మెట్లుమెట్లుగా ఇచ్చేవి) మీద కొన్ని మానిటర్లు గుయ్యిమంటాయి, కొన్ని వెలిగి ఆరిపోతాయి. మెయిన్ లైను మీద బాగా పని చేసి ఇన్వర్టర్ మీదే పని చేయకపోతే మానిటర్ని కొట్టుకు మోసుకెళ్లడం దండగ.

పవర్ కార్డును సీపీయూ కార్డుతో మార్చి చూడండి. మానిటర్ వెనక దూరే కొస లోపలిదాకా వెళ్లాలి. వెళ్లినట్టే కనిపించి రెండు మూడు మిల్లీమీటర్లు బయట ఉండిపోవడం మామూలే. కార్డు కొస నల్లబడి ఉన్నా, కాలిన ప్లాస్టిక్ వాసన వస్తున్నా దాన్ని పారేయండి.

3. మిగిలిన ఛార్జీ పోనివ్వండి

కరెంటు ఒక్క క్షణం పోయి వచ్చినప్పుడు, లేదా వోల్టేజీ ఎగుడుదిగుడైనప్పుడు మానిటర్ లోపలి కంట్రోల్ చిప్ సగం నిద్రలో ఇరుక్కుంటుంది. లోపలి కెపాసిటర్లలో (కరెంటును నిల్వ ఉంచే చిన్న భాగాలు) మిగిలిన కాస్త కరెంటు దాన్ని ఆ స్థితిలోనే పట్టి ఉంచుతుంది. ఇది చేయండి:

1. పవర్ కార్డు, వీడియో కేబుల్, యూఎస్‌బీ కేబుల్ అన్నీ మానిటర్ నుంచి తీసేయండి. హెచ్‌డీఎంఐ ఒక్కటి ఉంచినా సీపీయూ వైపు నుంచి కాస్త కరెంటు వస్తూనే ఉంటుంది.
2. పవర్ బటన్ 30 సెకన్లు నొక్కి పట్టుకోండి.
3. పది నిమిషాలు అలాగే వదిలేయండి. రెండు నిమిషాలకే ఓపిక నశించి పెట్టేస్తే ఈ పని చేసినా చేయనట్టే.
4. పవర్ కార్డు ఒక్కటే పెట్టి, పవర్ బటన్ ఒక్కసారి నొక్కండి.

సీపీయూకీ ఇదే వైద్యం. వెనక ఎస్‌ఎంపీఎస్ (సీపీయూ లోపలి పవర్ సప్లై డబ్బా) స్విచ్ ఆపి, కార్డు పీకి, ముందున్న బటన్ 15 సెకన్లు నొక్కి పట్టుకోండి. పాత ఎస్‌ఎంపీఎస్‌ల వెనక 115, 230 అని రాసిన చిన్న ఎర్ర స్విచ్ ఉంటుంది. తడుముతూ దాన్ని జరపకండి. 230 కనిపించాలి. 115లో పెట్టి మన కరెంటిస్తే ఢామ్మంటుంది.

4. మానిటర్‌ను ఒంటరిగా వెలిగించండి

మొత్తం పరీక్షల్లో అన్నిటికన్నా ఎక్కువ చెప్పేది ఇదే, చాలామంది వదిలేసేదీ ఇదే. మానిటర్‌కి పవర్ కార్డు తప్ప ఇంకేమీ తగిలించకూడదు. సీపీయూ నుంచి కేబుల్ తీయడం కాదు, మానిటర్ వెనక నుంచే తీయాలి. బటన్ నొక్కి, లైటునూ తెరనూ పది సెకన్లు చూడండి.

తెర మీద "నో సిగ్నల్", "చెక్ సిగ్నల్ కేబుల్" లాంటి మాటో, కంపెనీ బొమ్మో కనిపించిందా? మానిటర్ బాగుంది. తెర, దాని వెనక లైటు, లోపలి పవర్ సప్లై మూడూ పని చేస్తున్నాయి. నేరుగా ఆరో మెట్టుకి వెళ్లండి.

లైటు వెలిగింది, తెర మీద ఏమీ రాలేదు. అయిదో మెట్టు చూడండి.

లైటు కూడా లేదు. ముందు రెండు విషయాలు. కొన్ని మానిటర్లలో మెనూలోంచి ఆ లైటును ఆపేసే సదుపాయం ఉంటుంది, అంతకుముందు ఎప్పుడూ వెలిగేదేనా అని గుర్తు చేసుకోండి. రెండోది, బటన్ ఎక్కడుందో నిజంగా తెలుసా? కొత్త మానిటర్లలో అది కింది అంచున, వెనక్కి, చిన్న జాయ్‌స్టిక్‌లా ఉంటుంది. నొక్కాల్సినదాన్ని పక్కకి తోస్తుంటారు. ఇవి రెండూ కాకపోతే, సాకెట్లో కరెంటుంటే, పవర్ సప్లై పోయినట్టే. అడాప్టర్ ఉన్న మానిటరైతే ఏడో మెట్టు, లేకపోతే తొమ్మిదో మెట్టు.

లైటు వెలిగి ఆరుతూ, లోపల టిక్కు టిక్కుమని సన్నటి చప్పుడు వస్తోంది. పవర్ సప్లై మొదలవబోతూ ఆగిపోతోంది. లోపల కెపాసిటర్ ఉబ్బి ఉండవచ్చు, ఏదైనా షార్టు ఉండవచ్చు. ప్లగ్గు తీసేయండి, అలా గంటలకొద్దీ వదిలేస్తే ఎప్పటికో వెలుగుతుందనే ఆశ వద్దు.

లైటు రంగులు కంపెనీని బట్టి మారతాయి. నిలకడగా నీలం, తెలుపు, ఆకుపచ్చ అయితే సాధారణంగా పని చేస్తున్నట్టు. నారింజ రంగైనా, నెమ్మదిగా మిణుకుమంటున్నా నిద్రలో ఉన్నట్టు, అంటే సిగ్నల్ అందడం లేదు. మిణుకుమంటోంది కాబట్టి కాలిపోయిందనుకోవడం తప్పు. అది బతికి ఉన్న మానిటర్.

5. టార్చి పరీక్ష

గది చీకటి చేయండి. మానిటర్ ఆన్ చేసి, టార్చిని తెరకు దగ్గరగా, ఏటవాలుగా పట్టి అటూ ఇటూ జరపండి. లీలగా అక్షరాలో మెనూనో కనిపిస్తే బొమ్మ వస్తోంది, దాని వెనక వెలగాల్సిన బ్యాక్‌లైట్ వెలగడం లేదు. తెర ఒకటి రెండు సెకన్లు వెలిగి ఆరిపోయినా అనుమానం ఇక్కడే. బ్యాక్‌లైట్ సర్క్యూట్ తేడా గమనించి తనను తానే ఆపుకుంటుంది.

బ్యాక్‌లైట్ సమస్య బాగుచేయదగినదే, కానీ ఇంట్లో చేసే పని కాదు. టార్చి వేసినా ఏమీ కనిపించకపోతే పవర్ సప్లై నుంచి తెరకో, లోపలి బోర్డుకో వోల్టేజీ అందడం లేదు. రెంటికీ మెకానిక్కే దిక్కు, కానీ మొదటిదానికి ఏం పోయిందో చెప్పి మరీ ఇవ్వవచ్చు.

6. సిగ్నల్ ఎక్కడ ఆగింది?

మానిటర్ బాగుందని తేలింది. ఇప్పుడు సెట్‌టాప్ బాక్సో ల్యాప్‌టాపో దానికి తగిలించండి. ఇక్కడ జాగ్రత్త: ఇంట్లో ఎర్తింగ్ లేకపోతే సీపీయూ, మానిటర్ లోహపు భాగాలు ముట్టుకుంటే చేతికి జివ్వుమంటుంది. ఆ స్థితిలో హెచ్‌డీఎంఐని రెండు వైపులా కరెంటు ఉండగా దూర్చితే పోర్టు కాలిపోవచ్చు. అందుకే రెంటి ప్లగ్గులూ తీసి, కేబుల్ పెట్టి, తర్వాతే కరెంటివ్వండి. ముందు మానిటర్, తర్వాత సెట్‌టాప్ బాక్సు.

సెట్‌టాప్ బాక్సు బొమ్మ రాలేదా? మానిటర్ మెనూలో ఇన్‌పుట్ లేదా సోర్స్ చూడండి. కరెంటు పోయి వచ్చాక కొన్ని మానిటర్లు పాత ఇన్‌పుట్‌ని మరిచిపోయి వీజీఏకో డిస్‌ప్లే పోర్టుకో వెళ్లి కూర్చుంటాయి. ఆటో మీద వదలకుండా హెచ్‌డీఎంఐ 1 అని మీరే ఎంచుకోండి. అప్పటికీ రాకపోతే కేబుల్ మార్చండి, ఆ తర్వాత మానిటర్‌కి ఉన్న రెండో పోర్టు. ఒక పోర్టు పోయి రెండోది బతికి ఉండటం పిడుగులు పడిన రోజుల్లో కొత్తేమీ కాదు.

సెట్‌టాప్ బాక్సు బొమ్మ వచ్చిందంటే ఇక మానిటర్‌ని వదిలేయండి. సీపీయూ వంతు. దాన్ని టీవీకి తగిలించండి.

టీవీలో బొమ్మ వస్తే తెరకు పంపే సెట్టింగే అడ్డం. మానిటర్ మళ్లీ పెట్టి, కీబోర్డు మీద విండోస్, కంట్రోల్, షిఫ్ట్, బి నాలుగూ ఒకేసారి నొక్కండి. చిన్న బీప్ వినిపించి గ్రాఫిక్స్ మళ్లీ మొదలవుతుంది. తర్వాత విండోస్, పి నొక్కి ఏ తెరకు పంపుతోందో చూడండి. "అవుట్ ఆఫ్ రేంజ్" అని వస్తే టీవీలో ఉండగానే రిఫ్రెష్ రేటును (తెర సెకనుకు ఎన్నిసార్లు మారుతుందన్న లెక్క) 60 హెర్ట్‌జ్‌కి మార్చి మానిటర్‌కి రండి.

టీవీలోనూ రాకపోతే ఇవి వరసగా:

- కీబోర్డులో క్యాప్స్ లాక్ నొక్కండి. దాని లైటు వెలిగి ఆరుతుంటే సీపీయూ నడుస్తోంది, బొమ్మ మాత్రమే రావడం లేదు. లైటు కదలకపోతే సీపీయూయే లేవలేదు.
- గ్రాఫిక్స్ కార్డు ఉందా? ఉంటే సీపీయూ వెనక రెండు చోట్ల వీడియో పోర్టులు ఉంటాయి. కార్డువి కింద, అడ్డంగా. మదర్‌బోర్డువి పైన, యూఎస్‌బీల పక్కన. బయోస్ (కంప్యూటర్ లేచేటప్పుడు అన్నిటికన్నా ముందు నడిచే ప్రోగ్రామ్) సెట్టింగులు చెరిగిపోతే బొమ్మ ఒకదాని నుంచి ఇంకోదానికి మారిపోవచ్చు. రెండింట్లోనూ పెట్టి చూడండి.
- ప్లగ్గు తీసి, సీపీయూ తెరిచి, ర్యామ్ బయటికి తీయండి. బంగారు రంగు అంచును ఎరేజర్‌తో మెత్తగా రుద్ది, పొడి దులిపి, రెండు వైపులా క్లిప్పు పడేదాకా నొక్కండి. రెండు ముక్కలుంటే ఒక్కొక్కటే పెట్టి చూడండి.
- మదర్‌బోర్డు మీది రూపాయి బిళ్లంత బ్యాటరీ, సీఆర్2032. మీటర్‌తో 3 వోల్టుల దగ్గర చూపాలి. 2.7 కన్నా తక్కువైతే మార్చండి. ప్లగ్గు పీకి ఉండగానే దాన్ని తీసి అయిదు నిమిషాలు ఆగి పెడితే బయోస్ మొదటికి వస్తుంది. ఆ తర్వాత మొదటిసారి ఎఫ్1 నొక్కమని అడిగి ఆగిపోతే కంగారు పడకండి, నొక్కి లోపలికెళ్లి తేదీ సరిచేయండి.

హఠాత్తుగా ఆరిపోయిన కంప్యూటర్ మళ్లీ లేచాక డిస్కు సరిచూసుకోవడానికి నల్ల తెర మీదే చాలాసేపు ఉండవచ్చు. పాత హార్డ్ డిస్కైతే పావుగంటైనా ఆగండి. డిస్కు లైటు మిణుకుమంటుండగా మళ్లీ ఆపేయడమే విండోస్ పాడైపోవడానికి దగ్గరి దారి.

7. బయట అడాప్టర్ ఉన్న మానిటర్లు

ల్యాప్‌టాప్ ఛార్జర్ లాంటి నల్ల డబ్బా ఉన్నవాళ్లు అదృష్టవంతులు. దెబ్బ సాధారణంగా దానికే తగులుతుంది, మానిటర్ బతుకుతుంది. అడాప్టర్ మీద అవుట్‌పుట్ ఎంతో రాసి ఉంటుంది: 12, 14 లేదా 19 వోల్టులు. మీటర్‌ను డీసీ 20 వోల్టుల దగ్గర పెట్టి, ఎర్ర ప్రోబు పిన్ను లోపల, నల్లది బయటి లోహానికి ఆనించండి. రాసిన దానికి అర వోల్టు అటూ ఇటూ ఉంటే సరే.

కానీ సరైన వోల్టేజీ చూపినంత మాత్రాన అడాప్టర్ బాగున్నట్టు కాదు. మానిటర్‌కి తగిలించగానే కూలబడిపోయేవి ఉంటాయి. అడాప్టర్ మీద చిన్న లైటుంటే గమనించండి: విడిగా నిలకడగా వెలిగి, మానిటర్‌కి పెట్టగానే మిణుకుమంటే అడాప్టర్ బలహీనపడిందైనా కావాలి, మానిటర్ లోపల షార్టైనా ఉండాలి. అదే వోల్టేజీ ఉన్న ఇంకో అడాప్టర్‌తో ఏదో తేలుతుంది.

కొత్తది కొనేటప్పుడు వోల్టేజీ సరిగ్గా అంతే ఉండాలి, ఆంపియర్లు అంతే లేదా ఎక్కువ ఉండాలి, ప్లస్ లోపలా బయటా అన్న గుర్తు కలవాలి, పిన్ను బిగుతుగా కూర్చోవాలి. "పిన్ను పట్టింది కదా" అని 12 వోల్టుల మానిటర్‌కి 19 వోల్టులది పెడితే కరెంటు చేయని పని మీరే చేసినట్టు.

8. బొమ్మ వస్తోంది కానీ తేడాగా ఉంది

తెర పసుపుగానో గులాబీగానో ఉంటే, వీజీఏ కేబుల్ వాడుతుంటే, పిన్ను వంగిందో స్క్రూ వదులైందో చూడండి. తెర మిణుకుమిణుకుమంటుంటే బ్రైట్‌నెస్ నూటికి పెంచండి, అప్పుడు ఆగితే బ్యాక్‌లైట్ సర్క్యూట్ మీద అనుమానం. నిలువు గీతలు మానిటర్ సొంత మెనూ మీదుగా కూడా పోతుంటే తెర లోపలే దెబ్బ. మెనూ శుభ్రంగా ఉండి వెనక బొమ్మలో మాత్రమే గీతలుంటే గ్రాఫిక్స్ కార్డుదో కేబుల్‌దో పాపం.

9. విప్పకండి. ఎందుకంటే...

అడాప్టర్ లేని మానిటర్ లోపల కరెంటు ముందుగా డీసీగా మారి ఒక పెద్ద కెపాసిటర్లో నిల్వ ఉంటుంది. గోడలో 230 ఉంటే అక్కడ దాదాపు 325 వోల్టులు. ఆ కెపాసిటర్ తట్టుకునేది సాధారణంగా 400 లేదా 450 వోల్టులు. న్యూట్రల్ తెగి గోడలో 300 వచ్చిందంటే కెపాసిటర్ మీద 424 పడుతుంది. పేలడానికీ, అక్కడున్న వేరిస్టర్ (హై వోల్టేజీ దెబ్బను తన మీద వేసుకునే భాగం) మాడి ఫ్యూజు కొట్టేయడానికీ కారణం ఈ లెక్కే.

ప్లగ్గు తీసినా ఆ ఛార్జీ వెంటనే పోదు. ఫ్యూజు బాగుండి సప్లై మాత్రం మొదలవని మానిటర్లో అది చాలాసేపు నిలిచి ఉంటుంది. అక్కడ చేయి పెడితే గట్టి షాకు తప్పదు.

మెకానిక్‌కి ఇచ్చేముందు వారంటీ చూసుకోండి, వారంటీలో ఉంటే బయట విప్పించవద్దు. హై వోల్టేజీ వల్ల జరిగిన నష్టానికి వారంటీ వర్తించదని షరతుల్లో రాసే కంపెనీలు చాలా ఉన్నాయి, అయినా అడిగి చూడటంలో తప్పులేదు. వారంటీ దాటిపోతే, "మానిటర్ రావట్లేదు" అనకుండా పైన తేలింది చెప్పండి: కరెంటు పోయి వచ్చాక లైటు కూడా లేదు, కార్డు మార్చి చూశాం, సాకెట్లో 230 ఉంది. లేదా, టార్చి వేస్తే బొమ్మ కనిపిస్తోంది.

ఫ్యూజు మాత్రమే మార్చి ఇస్తానంటే ఆలోచించండి. ఫ్యూజు గాజు నల్లగా మాడి ఉంటే దాని వెనక వేరిస్టరో, బ్రిడ్జి రెక్టిఫయరో, మాస్‌ఫెట్టో షార్టయి ఉంటుంది. కొత్త ఫ్యూజు వేసిన మరుక్షణం అదీ పోతుంది. ఫ్యూజు స్థానంలో రాగి తీగ చుట్టిచ్చే కొట్టు నుంచి మానిటర్ వెనక్కి తెచ్చేసుకోండి. తెలిసిన మెకానిక్ సిరీస్ బల్బు బోర్డు (కరెంటు ఒక బల్బు గుండా వెళ్లేలా చేసినది) మీద పెట్టి మొదట వెలిగిస్తాడు. షార్టుంటే బల్బు నిండుగా వెలుగుతుంది, బోర్డు కాలదు.

ఉబ్బిన కెపాసిటర్లు మార్పించడం, ఫ్యూజు, వేరిస్టర్ మార్పించడం లాభసాటి పనులే. కెపాసిటర్ల మీద 105 డిగ్రీలు అని ఉన్నవే వేయమనండి, 85 డిగ్రీలవి మానిటర్ లోపలి వేడికి త్వరగా పోతాయి. తెరే పోయిందంటే మాత్రం బాగుచేయించకండి, ఆ డబ్బుకి ఇంకొంచెం కలిపితే కొత్తది వస్తుంది.

బాగైందని ఎలా నమ్మాలి?

వెలిగింది కదా అని వదిలేయకండి. బ్రైట్‌నెస్ నూటికి పెట్టి గంటసేపు నడవనివ్వండి. వెనక చేయి పెడితే గోరువెచ్చగా ఉండాలి. ఒకే చోట చుర్రుమంటున్నా, కాలిన వాసన వస్తున్నా ఆపేయండి. తర్వాత ప్లగ్గు తీసి రాత్రంతా వదిలేసి పొద్దున్నే వెలిగించండి. బలహీనపడిన కెపాసిటర్ వేడిగా ఉన్నప్పుడు పని చేసి, చల్లబడ్డాక మొండికేస్తుంది. చల్లటి మానిటర్ మొదటి నొక్కుకే వెలిగితేనే బాగైనట్టు. రెండు మూడుసార్లు నొక్కితే గానీ రావడం లేదంటే అది ఇంకా రోగిష్టిదే, మీ దగ్గర ఇంకొన్ని వారాలే ఉంటుంది.

మళ్లీ ఇలా కాకుండా

కరెంటు పోగానే ప్లగ్గు తీయండి, వచ్చాక అయిదు నిమిషాలు ఆగి పెట్టండి. ఖర్చు లేని, అన్నిటికన్నా గట్టి రక్షణ ఇదే. ఎక్కువ దెబ్బలు కరెంటు పోయినప్పుడు కాదు, వచ్చే ఆ మొదటి క్షణాల్లో, వచ్చీ పోతున్న వేళల్లో తగులుతాయి. బయోస్‌లో, కరెంటు తిరిగి వచ్చాక ఏం చేయాలన్న సెట్టింగ్ ఉంటుంది, దాన్ని పవర్ ఆఫ్ మీద పెడితే సీపీయూ తనంతట తాను లేవదు.

24 అంగుళాల ఎల్‌ఈడీ మానిటర్ సాధారణంగా 20 నుంచి 30 వాట్లకు మించి తాగదు. పెద్ద గ్రాఫిక్స్ కార్డు లేని సీపీయూతో కలిపి 600 వీఏ యూపీఎస్ సరిపోతుంది. దాని మీద లేజర్ ప్రింటర్ మాత్రం పెట్టకండి, వేడెక్కేటప్పుడు అది లాగే కరెంటుకి యూపీఎస్ ట్రిప్ అవుతుంది. ఇంటి ఇన్వర్టర్ మీదే నడపాలనుకుంటే అది సైన్ వేవ్ (గోడ కరెంటులా నునుపుగా ఇచ్చే) ఇన్వర్టర్ అయి ఉండాలి, వెనకున్న స్విచ్ యూపీఎస్ మోడ్‌లో ఉండాలి. నార్మల్ మోడ్‌లో కరెంటు నుంచి బ్యాటరీకి మారేటప్పటి ఖాళీ ఎక్కువ, పైగా హై వోల్టేజీని కూడా అది ఇంకాస్త ఎక్కువదాకా లోపలికి రానిస్తుంది.

స్పైక్ బస్టర్ లోపలుండేదీ వేరిస్టరే. పెద్ద దెబ్బలు తిన్నకొద్దీ అరిగిపోతుంది, బయటికి మాత్రం లైటు వెలుగుతూనే ఉంటుంది. ఏళ్లుగా వాడుతున్నదైతే దాన్ని మామూలు ఎక్స్‌టెన్షన్ బోర్డుగానే లెక్కేసుకోండి. ఇక న్యూట్రల్ తెగినప్పుడు వచ్చే 300 వోల్టులను స్పైక్ బస్టర్ ఆపలేదు. అది క్షణంలో వచ్చిపోయే ఊపుల కోసం చేసింది. అలాంటి హై వోల్టేజీకి మెయిన్ దగ్గర, హై వోల్టేజీ వస్తే లైను తెంచే ప్రొటెక్టర్ పెట్టించుకోవాలి. ఎలక్ట్రీషియన్‌ని అడిగేటప్పుడు లోపలి సెట్టింగ్ 270 వోల్టుల లోపు తెంచేలా ఉందో లేదో చూపించమనండి.